కోట్ల విరాళం వార్త చూసినప్పుడు ముందు తేల్చుకోవలసింది: ఆ డబ్బు ఎవరిది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఏటా పత్రికల్లో పెద్ద దాతల జాబితా వస్తుంది, ఫలానా పారిశ్రామికవేత్త వందల కోట్లు, వేల కోట్లు ఇచ్చారని రాస్తారు. మీ ఊరి వాట్సాప్ గ్రూపులో సగం మంది ఆయనను దేవుడంటారు, తక్కిన సగం మంది ‘అదంతా పన్ను ఎగ్గొట్టే ఎత్తు’ అని కొట్టిపారేస్తారు. ఇందులో ఏది నిజం, లోపలి సంగతులు తెలియని మనిషి దాన్ని ఎలా తేల్చుకోవాలి అని మీరు అడిగారు. ధర్మసంస్థల లెక్కలు తనిఖీ చేసే చార్టర్డ్ అకౌంటెంటుగా కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు) కాగితాలు, కుటుంబ ట్రస్టుల ఖాతాలు రెండూ చాలా ఏళ్లుగా చూస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందుగా సూటిగా జవాబు చెబుతాను. నిజంగా దానం చేసినవాడికి పన్నులో మిగిలేది ఇచ్చినదానికంటే ఎప్పుడూ తక్కువే, కాబట్టి పన్ను కోసమే దానం చేశారన్న మాట నిలవదు. అలాగని వార్తలో కనిపించిన ప్రతి రూపాయీ ఆ పెద్దమనిషి జేబులోంచే వచ్చిందనుకోవడమూ పొరపాటే. ఎంత ఇచ్చారన్నది తరువాత చూడవచ్చు. ఆ డబ్బు ఎవరిది, ఇచ్చిన తరువాత దాని మీద పెత్తనం ఎవరిది అన్న రెండు విషయాలు ముందు చూడండి. నేను ఏ ట్రస్టు లెక్కలు చేతికి తీసుకున్నా మొదట వెతికేవి ఇవే.

పన్ను సంగతి ముందు తేల్చేద్దాం. పాత పన్ను విధానంలో ఏడాదికి 5 కోట్లకు మించిన ఆదాయం ఉన్న వ్యక్తికి సర్‌చార్జీ, సెస్సు కలుపుకుని పడే గరిష్ఠ రేటు 42.744 శాతం. అలాంటి వ్యక్తి, ఇచ్చినవారికి పన్ను మినహాయింపు వచ్చే, మనం వాడుకలో 80జి అనుకునే గుర్తింపు ఉన్న ఒక మామూలు ధర్మసంస్థకు 10 కోట్లు ఇచ్చారనుకోండి. అందులో సగం, అంటే 5 కోట్లు మాత్రమే ఆయన ఆదాయంలోంచి మినహాయిస్తారు. అదీ విరాళం మొత్తం ఆయన ఆదాయంలో పదో వంతుకు మించకుండా ఉంటేనే, అంటే ఆయన ఆదాయం కనీసం 100 కోట్లు ఉంటేనే. అప్పుడు కలిసివచ్చే పన్ను సుమారు 2 కోట్ల 14 లక్షలు. తక్కిన 7 కోట్ల 86 లక్షలు ఆయన చేతినుంచి పోయినట్టే. కొత్త విధానం ఎంచుకున్నవారికి ఆ మినహాయింపు కూడా లేదు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల అంకెలు మారాయి గాని, వాడుకలో ఇంకా 80జి అనే అంటున్నాం. పన్నుకు భయపడేవాడు దానం మానేసి ఆ డబ్బు తనే ఉంచుకుంటే అతనికి ఎక్కువ మిగులుతుంది. మోసం ఉన్నచోట అది దానంలో ఉండదు, దానం చేసినట్టు చూపించి డబ్బు వెనక్కి తెచ్చుకోవడంలో ఉంటుంది. ఆ సంగతి కింద చెబుతాను.

ఇక డబ్బు ఎవరిదన్న ప్రశ్న. ఇక్కడే పత్రికలు ఎక్కువగా కలగాపులగం చేస్తాయి. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు గాని, టర్నోవరు 1,000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని దాటిన కంపెనీ, అంతకు ముందు మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఇది కంపెనీ డబ్బు. ఆ కంపెనీలో వ్యవస్థాపక కుటుంబానికి సగం వాటా ఉంటే తక్కిన సగం మ్యూచువల్ ఫండ్లది, ఎల్ఐసీది, చిన్న వాటాదారులది. అంటే ఎల్ఐసీ పాలసీ కట్టే మీ ఇంటి పెద్దలకు కూడా అందులో ఇసుమంత భాగం ఉన్నట్టే. చట్టం ఖర్చు పెట్టమన్నందుకు పెట్టిన ఆ సొమ్మును కంపెనీ ఛైర్మన్ గారి వ్యక్తిగత దానంగా రాయడం తక్కిన వాటాదారుల పట్ల న్యాయం కాదు. దాతల జాబితాలు తయారు చేసేటప్పుడు కూడా కొన్ని లెక్కల్లో కంపెనీ ఖర్చు కుటుంబం పేరున కలిసిపోతుంది. అందుచేత జాబితాలో ఎన్నో స్థానం అన్నదానికంటే ఆ అంకె వెనుక కంపెనీ వాటా ఎంత, సొంత సొమ్ము ఎంత అని విడదీసి చూడడం మేలు.

సీఎస్ఆర్‌ను తక్కువ చేయడానికి ఈ మాట అనలేదు. ఆ 2 శాతం వల్ల ఎన్నో మంచి పనులు జరిగాయి, ఆ ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకునే వీలు కూడా చట్టం ఇవ్వలేదు. కాని అది బాధ్యత. దాన్ని నెరవేర్చినవారిని మెచ్చుకునే తీరు వేరు, సొంత ఆస్తిని వదులుకున్నవారిని గౌరవించే తీరు వేరు.

సొంత ఆస్తిని వదులుకోవడం ఎలా ఉంటుందో చూడాలంటే అజీమ్ ప్రేమ్‌జీ ఉదాహరణే చాలు. 2019 మార్చిలో ఆయన తన ఐటీ కంపెనీ విప్రోలో మరో 34 శాతం వాటాల మీద వచ్చే ఆర్థిక ప్రయోజనాన్ని తిరిగి తీసుకునే వీలు లేకుండా తన ఫౌండేషన్ పనులకు రాసి ఇచ్చారు. ఆనాటి విలువ సుమారు 52,750 కోట్లు. అంతకు ముందు ఇచ్చినవి కలుపుకుంటే మొత్తం 1,45,000 కోట్లు, విప్రో ఆర్థిక యాజమాన్యంలో 67 శాతం. ఈ వార్త చదివి ‘లక్షన్నర కోట్లు పంచిపెట్టారా, మరి బీదరికం ఎందుకు పోలేదు’ అని నన్ను అడిగినవారు ఉన్నారు. ఆ డబ్బు పంచిపెట్టినది కాదు. అది మూలనిధి. వాటాలు అలాగే ఉంటాయి, వాటి మీద ఏటా లాభంలోంచి వచ్చే డివిడెండ్లు, కంపెనీ వాటాలను తిరిగి కొన్నప్పుడు వచ్చే సొమ్ము ధర్మకార్యాలకు వెళతాయి. షేరు ధర పెరిగితే మూలనిధి విలువ కాగితం మీద పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది; ఆ ఏడాది బడికి, ఆసుపత్రికి చేరేది మాత్రం చేతికి వచ్చిన రాబడి లోంచే. కాబట్టి ప్రకటించిన విలువ, ఒక ఏడాదిలో ఖర్చు పెట్టిన సొమ్ము రెండూ వేర్వేరు అంకెలు. రెంటినీ ఎన్నడూ కలపకండి. ఖర్చు ఎలా ఉంటుందో తెలియాలంటే కర్ణాటక చూడండి. అక్కడి ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనంలో ప్రభుత్వం వారానికి రెండు రోజులు గుడ్డు పెడుతుంటే, తక్కిన నాలుగు రోజులు తాము పెడతామని ఆ ఫౌండేషన్ 2024లో ఒప్పందం చేసుకుంది. మూడేళ్లకు సుమారు 1,500 కోట్లు. పెద్ద అంకె చివరికి పిల్లవాడి కంచంలో గుడ్డుగా మారేవరకూ లెక్క పట్టుకోగలిగితేనే ఆ అంకె మనకు అర్థమైనట్టు.

ఈ పద్ధతి మన దేశానికి కొత్తది కాదు. టాటా కంపెనీలకు మాతృసంస్థ అయిన టాటా సన్స్‌లో దాదాపు 66 శాతం వాటా టాటా ట్రస్టులదే. జంషెట్‌జీ టాటా పైచదువుల కోసం 1892లోనే నిధి పెట్టారు. ఆయన 1904లో పోయాక 1909లో బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ వెలసింది. ఆయన కుమారుల పేరున సర్ రతన్ టాటా ట్రస్టు 1919లో, సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు 1932లో ఏర్పడ్డాయి. ముంబయిలో క్యాన్సర్‌కు టాటా మెమోరియల్ ఆసుపత్రి 1941లో వచ్చింది. మరి ఇవాళ కొత్తగా ఎవరైనా ఆ నమూనాలో కంపెనీనే ధర్మసంస్థ చేతిలో పెట్టాలనుకుంటే ఎందుకు కష్టమవుతుంది అని నన్ను అడుగుతుంటారు. పన్ను మినహాయింపు ఉన్న ధర్మసంస్థ మామూలు కంపెనీల షేర్లను పెట్టుబడిగా పెట్టుకోవడానికి మన పన్ను చట్టం ఒప్పుకోదు. 1973 జూన్ 1 నాటికే మూలనిధిలో ఉన్న ఆస్తులకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. అందువల్ల ఈ కాలపు దాతలు షేర్లను పన్ను మినహాయింపు కోరని మరో ట్రస్టులో ఉంచి, రాబడిని మాత్రం ధర్మసంస్థకు మళ్లించే ఏర్పాటు చేసుకుంటారు. వార్తల్లో ‘ఎండోమెంటు’, ‘ఫౌండేషన్’ అని రెండు పేర్లు కనిపిస్తే అందులో గూడుపుఠాణీ ఏదో ఉందని అనుమానించనక్కర్లేదు, దానికి కారణం చాలావరకు ఇదే.

రెండో ప్రశ్న, పెత్తనం. దాతల్లో రెండు రకాలవారు ఉంటారు. ఒకరు సొంత ఫౌండేషన్ పెట్టి తామే నడుపుతారు. హెచ్‌సీఎల్ వ్యవస్థాపకుడు శివ్ నాడార్ 1994 నుంచి చేస్తున్నది ఇదే. 2025లో వెలువడిన హురున్ దాతల జాబితాలో ఆయన కుటుంబం 2,708 కోట్లతో మొదటి స్థానంలో ఉంది. ఆ ఫౌండేషన్ కిందే ఫీజులు తీసుకునే విశ్వవిద్యాలయమూ ఉంది, ఉత్తరప్రదేశ్ పల్లెల్లోని ప్రతిభ గల పేద పిల్లలకు ఉచితంగా చదువు, వసతి ఇచ్చే విద్యాజ్ఞాన్ బడులూ ఉన్నాయి. రెండూ విద్యే, రెండూ మంచివే, కాని పేదవాడికి ఏది చేరుతోందని అడిగేవారు వాటిని విడివిడిగా చూడాలి.

రెండో రకంవారు తమది కాని సంస్థకు ఇచ్చి తప్పుకుంటారు. 2022లో మైండ్‌ట్రీ అనే ఐటీ కంపెనీని స్థాపించినవారిలోని బాగ్చీ, పార్థసారథి తమ భార్యలతో కలిసి భారతీయ విజ్ఞాన సంస్థలో 800 పడకల ఆసుపత్రికి 425 కోట్లు ఇచ్చారు. 2023లో ఇన్ఫోసిస్ సహవ్యవస్థాపకుడు నందన్ నీలేకని తాను చదివిన ఐఐటీ బొంబాయికి 315 కోట్లు ఇచ్చారు. మన బాపట్లలో పుట్టిన కృష్ణ చివుకుల 2024లో ఐఐటీ మద్రాసుకు 228 కోట్లు ఇచ్చారు. ఆయన అక్కడ ఎంటెక్ చదివినవారు, లోహపు పొడిని అచ్చుల్లో పోసి సూక్ష్మమైన భాగాలు తయారుచేసే పరిశ్రమను మన దేశానికి తెచ్చినవారు. ఇలాంటి విరాళం సంస్థ ఖాతాలో పడిన తరువాత దాత ఇష్టం వచ్చినట్టు ఖర్చు పెట్టించలేరు, తన బంధువును ఉద్యోగంలో పెట్టించలేరు, చెక్కు వెనక్కి అడగలేరు. నా మట్టుకు నాకు ఈ రకం దానం మీద గౌరవం ఎక్కువ. సొంత ఫౌండేషన్ పెట్టడం తప్పని కాదు. ఎవరూ ముట్టని పని చేయాలంటే చాలాసార్లు అదొక్కటే దారి.

ఈ రెంటికీ మధ్య ఒక మంచి ఉదాహరణ హైదరాబాదులోనే ఉంది. 1980లలో సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారి కుమారుడు రమేశ్ ప్రసాద్ కంటి ఆసుపత్రి కోసం కోటి రూపాయలు, బంజారాహిల్స్‌లో ఐదెకరాల స్థలం ఇచ్చారు. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987లో మొదలైంది. పేరు దాత తండ్రిది, నడిపింది మాత్రం డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారి వంటి వైద్యులు. డబ్బు కట్టగలిగినవారి దగ్గర తీసుకుని, కట్టలేనివారికి ఉచితంగా చేసే పద్ధతిని మొదటినుంచీ పాటించారు కాబట్టి ఆ తొలి కోటి ఏనాడో అయిపోయినా ఆసుపత్రి నిలబడింది. దాత ఇచ్చిన తరువాత సంస్థ తన కాళ్ల మీద తాను నిలబడే ఏర్పాటు ఉందా అన్నది నేను తప్పకుండా చూసే విషయం.

అది ఎందుకు ముఖ్యమో చెప్పడానికి 108 అంబులెన్సు కథ చాలు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆ సేవ మొదలైంది, వెనుక ఉన్నది సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు. అదే కుటుంబం అంతకు ముందే బైర్రాజు ఫౌండేషన్ పేరున గోదావరి జిల్లాల పల్లెల్లో తాగునీటి ప్లాంట్ల వంటి పనులు చేపట్టింది. 2009 జనవరిలో సత్యం లెక్కల మోసం బయటపడింది. ఒక్కసారిగా దాత లేడు. అంబులెన్సు ఆగలేదు, ఎందుకంటే అప్పటికే నిర్వహణ ఖర్చులో అత్యధిక భాగం ప్రభుత్వం భరిస్తూ ఉంది, అది విడిగా రిజిస్టరైన సంస్థ, ఆ ఏడాదే నిర్వహణ జీవీకే చేతికి మారింది. దాత పరువు పోయినా రోడ్డు మీద పడి ఉన్న క్షతగాత్రుడికి బండి వచ్చిందంటే కారణం ఆ సంస్థ నిర్మాణం. ఇచ్చిన మనిషి మంచివాడా చెడ్డవాడా అన్న వాదన ఎంతసేపైనా చేయవచ్చు గాని, ఆ మనిషి రేపు లేకపోతే ఈ పని ఉంటుందా అన్న ప్రశ్నకు కాగితాల్లోనే జవాబు దొరుకుతుంది. వెనకటికి మన కోస్తాలో కూడా ఈ ముందుచూపు ఉండేది. రంగూన్‌లో వ్యాపారం చేసి గడించిన మల్లాడి సత్యలింగ నాయకర్ తన ఆస్తిని వీలునామాతో ధర్మానికి రాసిపోతే, కాకినాడలో ఎంఎస్ఎన్ ఛారిటీస్ పేరున విద్యాసంస్థలు నేటికీ ఉన్నాయి.

ఇప్పుడు మోసాల సంగతి. మీ గ్రూపులో అనుమానించేవారి మాటలో నిజం ఉన్నచోటు ఇదే. నేను లెక్కలు చూసిన ఒక చిన్న ట్రస్టుకు ఒక కంపెనీ నుంచి మార్చి చివరి వారంలో సీఎస్ఆర్ చెక్కు వచ్చింది, ‘పేద విద్యార్థులకు నోటు పుస్తకాలు’ అని. బిల్లులు అన్నీ ఒకే సరఫరాదారువి. వాటి నంబర్లు 41, 42, 43 అని వరుసగా ఉన్నాయి, తేదీలు మాత్రం జూన్, సెప్టెంబరు, డిసెంబరు. అంటే ఆరు నెలల్లో ఆ దుకాణానికి ఈ ట్రస్టు తప్ప మరో గిరాకీ లేదన్నమాట. బిల్లు మీది చిరునామా వెతికితే అది ఒక ట్రస్టీ బంధువు ఇల్లు. పుస్తకాలు పంచినట్టు ఫొటోలు ఉన్నాయి గాని రెండు వేర్వేరు బడులని రాసిన ఫొటోల్లో వెనుక గోడ మీద ఒకటే బొమ్మ. చెక్కు రూపంలో వెళ్లిన సొమ్ములో కొంత నగదుగా తిరిగి వెళ్లే పద్ధతి ఇలాగే ఉంటుంది. ఆ లెక్కలు సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. ఇలాంటివి జరిగే అవకాశం ఎక్కువగా ఉండేది పేరున్న పెద్ద ఫౌండేషన్లలో కాదు. ఏడాది చివర్లో హడావుడిగా ఖర్చు చూపించాలనుకునే మధ్యతరహా కంపెనీలకూ, నిన్న మొన్న పుట్టిన ట్రస్టులకూ మధ్యనే.

2021లో వచ్చిన సవరణలు ఈ తొందరను కొంత తగ్గించాయి. కొనసాగే ప్రాజెక్టు అయితే మిగిలిన సొమ్మును ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చు పెట్టవచ్చు. అలాంటిది కాకపోతే ఆరు నెలల్లోగా ప్రధానమంత్రి సహాయ నిధి వంటి, చట్టంలో పేర్కొన్న నిధికి జమ చేయాలి. అమలు చేసే ట్రస్టులు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర నమోదై నంబరు తీసుకోవాలి. కంపెనీ కార్యాలయ ఖర్చులు 5 శాతం దాటకూడదు.

మోసం లేకపోయినా డబ్బు వృథా అయ్యే దారి ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. కట్టడానికి దాతలు దొరుకుతారు, నడపడానికి దొరకరు. శిలాఫలకం మీద పేరు పడేది భవనానికే గాని వాచ్‌మన్ జీతానికి కాదు. ప్రభుత్వ రంగ సంస్థలు సీఎస్ఆర్ సొమ్ముతో బడుల్లో కట్టిన మరుగుదొడ్ల మీద, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2020లో ఇచ్చిన నివేదిక, తాము చూసిన వాటిలో 72 శాతం మరుగుదొడ్లలో నీటి వసతి లేదని తేల్చింది. కట్టింది నిజం, ఖర్చు నిజం, ఆడపిల్లలకు అక్కరకు రాలేదన్నదీ నిజం. దీనికి భిన్నంగా, గుంటూరు వైపు ఒక పత్తి వ్యాపారి కుటుంబం లెక్కలు నేను చూస్తాను. వారు ఒక విద్యార్థి వసతిగృహానికి ప్రతి నెలా వంటమనిషి జీతం, కరెంటు బిల్లు, బోరు మోటారు మరమ్మతు ఖర్చు ఇస్తారు. ఏ పత్రికా రాయదు, గోడ మీద పేరు లేదు. ఆ వసతిగృహంలో పిల్లలు ఒక్క పూట కూడా పస్తులున్నట్టు నేను వినలేదు.

ప్రకటనల గురించి కూడా ఒక మాట చెప్పాలి. సంపదలో సగమో అంతకంటే ఎక్కువో ఇస్తామని మాట ఇచ్చే ‘గివింగ్ ప్లెడ్జ్’ను 2010లో వారెన్ బఫెట్, గేట్స్ దంపతులు మొదలుపెట్టారు. మన దేశం నుంచి 2013లో అజీమ్ ప్రేమ్‌జీ మొదట చేరారు, తరువాత బయోకాన్ కిరణ్ మజుందార్ షా, నీలేకని దంపతులు, 2023లో జెరోధా నిఖిల్ కామత్ చేరారు. అది నైతికమైన మాట, చట్టపరమైన ఒప్పందం కాదు. కాబట్టి మాట ఇచ్చినవారిని మెచ్చుకోండి, కాని లెక్కలో వేసుకునేది ట్రస్టు ఖాతాకు చేరిన సొమ్మునే.

ఇక మీరు స్వయంగా ఎలా చూడాలి. లిస్టయిన కంపెనీ అయితే వార్షిక నివేదిక దాని వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. అందులో డైరెక్టర్ల నివేదికకు అనుబంధంగా సీఎస్ఆర్ పత్రం ఉంటుంది. 2 శాతం ఎంత అయింది, ఎంత ఖర్చు పెట్టారు, ఎంత మిగిలింది అన్న మూడు అంకెలు చూడండి. 2 శాతానికి సరిగ్గా సరిపోయేంతే ఖర్చు ఉంటే అది బాధ్యత నెరవేర్చడం. ఏటా దానికి మించి ఉంటే అక్కడ మనసు కూడా ఉందని నేను అనుకుంటాను. బోర్డు ఆమోదించిన ప్రాజెక్టుల వివరాలు కూడా కంపెనీ వెబ్‌సైట్‌లో పెట్టాలి. కేంద్ర ప్రభుత్వం నడిపే జాతీయ సీఎస్ఆర్ పోర్టల్‌లో కంపెనీల వారీగా, రాష్ట్రాల వారీగా ఖర్చు కనిపిస్తుంది. పారిశ్రామికవాడలు ఉన్నచోటికి ఎంత చేరుతోందో, వెనుకబడిన జిల్లాలకు ఎంత చేరుతోందో పోల్చి చూస్తే మీకే తెలుస్తుంది.

కుటుంబ ట్రస్టు అయితే ఇంత సులువు కాదు, ఎందుకంటే వారి లెక్కలన్నీ బహిరంగంగా ఉండవు. మంచి ఫౌండేషన్లు తామే వార్షిక నివేదికలు ప్రచురిస్తాయి. మీ ఊళ్లో పనిచేసే ట్రస్టు అయితే వెళ్లి మర్యాదగా అడగండి: ఆడిట్ అయిన లెక్కలు చూపిస్తారా, ట్రస్టీల్లో కుటుంబసభ్యులు కానివారు ఎవరైనా ఉన్నారా, ట్రస్టు రద్దయితే ఆస్తి ఎవరికి చెందుతుందని ట్రస్టు దస్తావేజులో రాశారు అని. మూడో ప్రశ్న అందరూ మరిచిపోతారు. అదే ఆశయాలున్న మరో ధర్మసంస్థకే చెందాలని దస్తావేజులో ఉంటే ఆ డబ్బు నిజంగా దాత ఇల్లు దాటినట్టు. ఆ షరతు లేకపోయినా, దస్తావేజు చూపించడానికి వారు తటపటాయించినా, మీ గ్రూపులో అనుమానించేవారి మాట ఆ ఒక్క ట్రస్టు విషయంలో పట్టించుకోదగినదే.